బొగ్గు పంపితే ముందు చెట్టు పేరు చెప్పారు

మాది సిరొంచ. ప్రాణహిత పక్క అడవుల్లో పాత ఇనుప కొలిముల మీద పరిశోధన చేస్తున్నాను. వాగు కోసేసిన గట్టులో, ఇనుము తీశాక మిగిలిన చిట్టెపు రాళ్ల కింద దొరికిన బొగ్గును పోయిన వేసవిలో మంచిర్యాల వెళ్లి రేడియోకార్బన్ డేటింగ్ చేసే ఒక ల్యాబ్‌కు, అంటే కాలంతో పాటు తరిగిపోయే కార్బన్-14 ఎంత మిగిలిందో చూసి వయసు లెక్కగట్టే చోటికి, కొరియర్ చేశాను. నాలాగా మొదటిసారి పంపేవాళ్లకు పనికొస్తుందని ఈ రివ్యూ రాస్తున్నాను.

పార్సిల్ అందిన వారానికి అక్కడి మేడం ఫోన్ చేశారు. "బాబూ, మీరు గుర్తు పెట్టిన పెద్ద ముక్కకు డేటింగ్ వద్దు. అది టేకు, చేవ భాగం. అదే పొట్లంలో బెరడుతో సహా చిన్న పుల్ల ఉంది, అది చేద్దాం" అన్నారు. పెద్ద ముక్క మంచిదనుకుని ఏరిందే నేను. టెన్షన్ పట్టుకుంది.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. చెట్టులో ఏ ఏటి వలయం ఆ ఏటి గాలిలోని కార్బన్‌నే దాచుకుంటుంది, తర్వాత కొత్తది చేరదు. 200 ఏళ్ల మాను నడిమి చేవ కొలిమిలో కాలితే, లెక్కకొచ్చేది ఆ చేవ పెరిగిన కాలం, కొలిమి వెలిగిన కాలం కాదు. పుల్లతో ఆ తేడా కొన్నేళ్లే. కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కపెట్టే ఏఎమ్మెస్ పద్ధతికి కొన్ని మిల్లీగ్రాముల కార్బన్ చాలు కాబట్టి పుల్ల సరిపోయింది.

టేకు అని ఎలా పట్టారో ఫొటోలు పంపారు. బొగ్గును కత్తితో కోస్తే కణాల గోడలు నలిగిపోతాయని వేళ్లతో పుటుక్కున విరుస్తారట. అడ్డంగా ఒకటి, నిలువునా రెండు, మొత్తం మూడు ముఖాలు చూస్తారు. అడ్డంగా విరిగిన చోట పెద్ద రంధ్రాలు వరసగా వలయం కట్టి ఉన్నాయి, వాటి వెనక సన్నవి. మా ఇంటి దూలం చివర చిన్నప్పటి నుంచీ చూస్తున్న గీతలే అవి. ఆ ఫొటో ఎంతసేపు చూశానో!

మట్టి సున్నం, ఆకులు కుళ్లి దిగిన హ్యూమిక్ ఆమ్లాలు పోయేలా ఆమ్లం, క్షారం, మళ్లీ ఆమ్లంతో కడిగిన వివరం కూడా రిపోర్టులో ఉంది.

నచ్చనివి రెండు. రెండు నెలలన్నారు, ఐదు పట్టింది. మధ్యలో ఆఫీసుకు ఫోన్ చేస్తే సరైన జవాబు లేదు. ఫెలోషిప్ డబ్బు పోసి ఎదురుచూసేవాడికి ఇది కష్టం. రెండోది, రిపోర్టులో ముందు బీపీ అంకె ఒక్కటే ఇచ్చారు. బీపీ అంటే 1950 నుంచి వెనక్కి లెక్క. పైగా గాలిలో కార్బన్-14 అన్ని కాలాల్లో ఒకేలా లేదు కనుక ఇంట్‌కాల్20 లాంటి పట్టికతో సరిచేస్తేనే అది క్యాలెండర్ ఏళ్లలోకి వస్తుంది. మా పెద్దనాన్న ఆ అంకెను ఈ ఏడాదిలోంచి తీసేసి ఊరంతా చెప్పొచ్చాడు. అడిగాక గ్రాఫ్ పంపారు, అది మొదటే ఇవ్వాల్సింది.

పంపేవాళ్లు బొగ్గును చేత్తో తాకకండి, దూదిలో చుట్టకండి. నీడలో ఆరబెట్టి అల్యూమినియం ఫాయిల్‌లో పెట్టి, ఏ పొరలో దొరికిందో రాయండి. డేటింగ్‌కు ముందే చెట్టు గుర్తింపు చేస్తారా అని అడగండి. చేయకపోతే ఇంకో ల్యాబ్ చూసుకోండి.

వచ్చే నెల రెండో గట్టు బొగ్గు పంపుతున్నాను, వీళ్లకే. ఈసారి బెరడున్న పుల్లలు నేనే ఏరి విడిగా కట్టాను.