24 నోడ్ల లినక్స్ క్లస్టర్: పదేళ్ల వాడకం తర్వాత

హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో 2015 నుంచి నేను చూసుకుంటున్న క్లస్టర్‌లో (కలిసి ఒకటిగా పనిచేసే కంప్యూటర్ల గుంపులో) అన్నిటినీ అదుపు చేసే ఒక హెడ్ నోడ్, లెక్కలు చేసే 24 కంప్యూట్ నోడ్లు ఉన్నాయి. ఒక్కో నోడ్‌లో 20 కోర్లు, 64 గిగాబైట్ల మెమరీ, నోడ్ల మధ్య సెకనుకు 56 గిగాబిట్ల ఇన్ఫినీబ్యాండ్ అనే వేగవంతమైన నెట్‌వర్క్. మొత్తం 480 కోర్ల మీద పరిశోధక విద్యార్థులు క్వాంటమ్ ఎస్ప్రెస్సో, గ్రోమాక్స్ వంటి, అణువుల లెక్కలు కట్టే ప్రోగ్రాములు నడుపుతుంటారు. మొదటి ఏడేళ్లు దీన్ని రాక్స్ అనే లినక్స్ పంపిణీ (డిస్ట్రిబ్యూషన్) మీద నడిపాను. 2022 వేసవి సెలవుల్లో అంతా తుడిచేసి రాకీ లినక్స్ 8, దాని మీద క్లస్టర్ సాఫ్ట్‌వేర్ కూర్పు ఓపెన్‌హెచ్‌పీసీ 2, విద్యార్థులు ఇచ్చే పనులను (జాబులను) క్యూలో పెట్టి నోడ్లకు పంచడానికి స్లర్మ్ పెట్టుకున్నాను. ఈ సమీక్ష ఈ సాఫ్ట్‌వేర్ గురించి, దాన్ని రోజూ నడపడంలో ఉండే సాధకబాధకాల గురించి. గరిష్ఠ వేగాల లెక్కలు ఇందులో ఉండవు. క్లస్టర్ వచ్చిన వారంలోనే వేగం కొలిచే లిన్‌ప్యాక్ పరీక్ష నడిపి, వచ్చిన అంకెను కొనుగోలు ఫైలులో పెట్టాం, ఆ తర్వాత ఇప్పటివరకు ఆ అంకె కావాలని అడిగినవారు లేరు.

రాక్స్‌ను ముందుగా మెచ్చుకోవాలి. శాన్ డియాగో సూపర్‌కంప్యూటర్ కేంద్రం 2000 ప్రాంతంలో మొదలుపెట్టిన ఈ పంపిణీ, లినక్స్ పెద్దగా తెలియని విభాగాలకు కూడా క్లస్టర్‌ను అందుబాటులోకి తెచ్చింది. హెడ్ నోడ్ మీద ఇన్సర్ట్-ఈథర్స్ అనే కమాండ్ తెరిచి ఉంచి, ర్యాక్‌లో కిందినుంచి పైకి ఒక్కో నోడ్ మీట నొక్కుకుంటూ పోతే అవి వచ్చిన వరుసలోనే పేర్లు పెట్టుకుని, తమంతట తాము ఇన్‌స్టాల్ అయిపోయేవి. 2015లో ఒక్క మధ్యాహ్నంలో 24 నోడ్లూ లేచి నిలబడినప్పుడు కలిగిన సంతోషం నాకింకా గుర్తుంది. నోడ్ చెడితే బాగుచేయకు, మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి అన్నది రాక్స్ పద్ధతి. పద్ధతి మంచిదే కానీ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి నోడ్ డిస్క్ మీదా విడిగా ఉండటం వల్ల దాన్ని చివరిదాకా పాటించడం నాకు సాధ్యం కాలేదు. రాత్రి పదింటికి ఒక విద్యార్థి ఫోన్ చేసి ఫలానా లైబ్రరీ లేదంటే, ఆ జాబ్ నడుస్తున్న నోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్కచోట పెట్టేసి, మిగతావాటిలో రేపు పెడదామని పడుకునేవాణ్ణి. ఆ రేపు రాదు. మూడో ఏడు వచ్చేసరికి 17వ నోడ్‌లో తప్ప ఇంకెక్కడా నడవని ప్రోగ్రాము ఒకటి మా విభాగంలో తయారైంది. దాన్ని వాడే విద్యార్థి ఆ నోడ్‌నే కోరుకుని రోజుల తరబడి క్యూలో కూర్చునేవాడు. తప్పు నాదే, అయితే అలాంటి తప్పుకు చోటిచ్చిన అమరిక అది.

రాక్స్ ఏడో వెర్షన్ 2017 డిసెంబరులో, సెంటోస్ 7 అనే ఉచిత లినక్స్ ఆధారంగా వచ్చింది, ఆపైన మరో వెర్షన్ రాలేదు. సెంటోస్ 8కి 2021 చివరితో మద్దతు ఆపేస్తామని 2020 డిసెంబరులో ప్రకటన వచ్చేసరికి, సెంటోస్ 7 గడువు 2024 జూన్ 30తో తీరుతుందని ముందే తెలిసిన నాకు, ఇక మారక తప్పదని అర్థమైంది.

ఓపెన్‌హెచ్‌పీసీ లినక్స్ ఫౌండేషన్ నీడలో 2015లో మొదలైన ఉమ్మడి ప్రాజెక్టు. రాక్స్‌లా డిస్క్ పెట్టి మీట నొక్కితే అయిపోయే వస్తువని అనుకుని దీని దగ్గరికి రాకూడదు. ఇచ్చేది సిద్ధం చేసిన ప్యాకేజీలు, వాటిని ఏ వరుసలో అమర్చాలో చెప్పే మార్గదర్శి; ఆ మార్గదర్శిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదవని వారికి ఇది చుక్కలు చూపిస్తుంది. నాకు పది రోజులు పట్టింది. అందులో నాలుగు రోజులు పాత బయోస్ సెట్టింగులతో, నెట్‌వర్క్ బూట్‌తో కుస్తీ పట్టడానికే పోయాయి.

ఆ పది రోజుల శ్రమకు ఫలితం దక్కింది. ఇందులో నోడ్లను లేపే పని వేర్‌వుల్ఫ్‌ది. నోడ్ వెలిగినప్పుడు హెడ్ నోడ్ నుంచి ఒక ఇమేజ్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్ని కట్టిన మూటను) నెట్‌వర్క్ ద్వారా తెచ్చుకుని, తన మెమరీలోనే విప్పుకుని లేస్తుంది. డిస్క్ మీద ఆపరేటింగ్ సిస్టమ్ అంటూ ఏదీ ఉండదు. ఇమేజ్ కోసం 64 గిగాబైట్లలో సుమారు ఒక గిగాబైట్ పోతుంది, అది నాకు లెక్కలోది కాదు. ఏదైనా లైబ్రరీ కావాలంటే హెడ్ నోడ్ మీదున్న ఇమేజ్‌లో పెట్టాలి, నోడ్లను ఖాళీ అయినప్పుడల్లా రీబూట్ చేయాలి. చేత్తో నోడ్‌లో పెట్టిన ఏ మార్పైనా మరుసటి రీబూట్‌తో గాలికి పోతుంది కాబట్టి, నాలాంటి బద్ధకస్తుడికి కూడా క్రమశిక్షణ దానంతట అదే అబ్బింది. మూడేళ్లకు పైగా 24 నోడ్లూ ఒక్కలాగే ఉన్నాయి. ఖాళీ అయిన డిస్కులు జాబుల తాత్కాలిక ఫైళ్లకు పనికొచ్చాయి.

చిన్న చిక్కులు లేకపోలేదు. మా వేర్‌వుల్ఫ్ వెర్షన్‌లో యూజర్ల జాబితా వంటి ఫైళ్లను నోడ్లు ఐదు నిమిషాలకోసారి హెడ్ నోడ్‌ను అడిగి తెచ్చుకుంటాయి. కొత్త విద్యార్థికి ఖాతా తెరిచి ఇవ్వగానే అతను జాబ్ పెడితే, నోడ్‌కు అతనెవరో తెలియక జాబ్ పడిపోతుంది; రెండోసారి పెడితే నడుస్తుంది. కారణం తెలిసేవరకు ఇది నన్ను బాగా తికమక పెట్టింది. ఇప్పుడు ఖాతా తెరిచే స్క్రిప్టులోనే ఫైళ్లను వెంటనే పంపే కమాండ్ కూడా చేర్చాను. మరొకటి గడియారం. స్లర్మ్ సందేశాలు అసలైనవేనని ముద్ర వేసేది మంజ్ అనే సర్వీసు. ఆ ముద్రకు మామూలుగా ఐదు నిమిషాలే ఆయుష్షు. ఒకసారి కరెంటు పోయి వచ్చాక ఒక నోడ్ మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చిపోయి ఉండటంతో దాని గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లింది. నోడ్ పింగ్‌కు పలుకుతోంది, లాగిన్ అవుతోంది, అయినా స్లర్మ్ మాత్రం దాన్ని చచ్చినట్టే చూపిస్తోంది. గడియారాన్ని దిద్దే క్రోనీ సర్వీసు సమయం సరిచేశాకే మంజ్ లేచేలా ఇమేజ్‌లో వరుస మార్చిన తర్వాత ఆ బాధ మళ్లీ రాలేదు.

ఇన్ఫినీబ్యాండ్‌లో నేను తిన్న దెబ్బ ఇంకా నెమ్మదైనది. మాది మేనేజర్ లేని స్విచ్ కాబట్టి నోడ్ల మధ్య దారులు వేసే సబ్‌నెట్ మేనేజర్ ప్రోగ్రాము ఓపెన్‌ఎస్‌ఎం హెడ్ నోడ్ మీద నడవాలి. హెడ్ నోడ్ రీబూట్‌లో అది దానంతట అది లేచేలా నేను పెట్టలేదు. పాత నోడ్ల మధ్య దారులు అలాగే ఉన్నాయి కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ తర్వాత రీబూట్ అయిన నాలుగు నోడ్లలో మాత్రం పోర్టు ఇనిషియలైజింగ్ దగ్గరే ఆగిపోయింది. నోడ్ల మధ్య ప్రోగ్రాముల సందేశాలు చేరవేసే ఎంపీఐ గొడవ చేయకుండా మామూలు ఈథర్నెట్ మీదికి దిగిపోయి పని చేసుకుంటూ పోయింది. జాబులు నడుస్తున్నాయి, తప్పుడు జవాబులూ రావడం లేదు, కాకపోతే రాత్రికి అయిపోవలసింది మూడు రోజులు పడుతోంది. రెండు వారాల తర్వాత ఒక విద్యార్థిని తన పాత అవుట్‌పుట్ ఫైలులోని సమయాలను కొత్తదాని పక్కన పెట్టి చూపిస్తే కానీ నాకు తెలియలేదు. ఇప్పుడు నోడ్ ఆరోగ్యాన్ని చూసే స్క్రిప్టులో పోర్టు యాక్టివ్‌గా లేకపోతే నోడ్‌ను క్యూ నుంచి తప్పించే షరతు ఉంది.

స్లర్మ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే వాడేవారికి క్లస్టర్ అంటే అదే. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో పుట్టిన ఈ ప్రోగ్రాము, మేం రాక్స్ కాలంలో వాడిన గ్రిడ్ ఇంజన్ కంటే అన్ని విధాలా మెరుగు. కానీ దాన్ని మొదటి అమరికతోనే వదిలేస్తే మనల్నే తిట్టిస్తుంది. కోర్లతో పాటు మెమరీని కూడా పంచే పద్ధతి ఎంచుకున్నప్పుడు, ఒక్కో కోర్‌కు ఇంత అని డిఫాల్ట్ పెట్టకపోతే, మెమరీ ఎంతో చెప్పని ఒక్క కోర్ జాబ్ నోడ్ మొత్తం మెమరీని తన పేరున రాయించుకుంటుంది, మిగిలిన 19 కోర్లు ఊరికే ఉంటాయి. మేం కోర్‌కు 3 గిగాబైట్లు పెట్టాం. లినక్స్‌లో జాబులకు హద్దులు గీసే సీగ్రూపులతో మెమరీ హద్దు కూడా బిగించాలి; మా నోడ్లలో స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) లేదు కనుక, హద్దు మీరిన జాబ్ పక్కవాళ్ల జాబులనూ, కొన్నిసార్లు నోడ్ మీద నడిచే స్లర్మ్ సర్వీసునూ వెంట తీసుకుపోతుంది.

క్యూ గొడవల్లో సగం సమయ పరిమితి వల్లే. 8 నోడ్ల పెద్ద జాబ్ పది గంటల తర్వాత మొదలవుతుందని స్లర్మ్‌కు తెలిస్తే, ఈలోగా ఖాళీగా ఉన్న నోడ్లలో ఎనిమిది గంటలు చాలన్న చిన్న జాబులను దూరుస్తుంది. తొమ్మిది గంటల పనికి ఏడు రోజులు అడిగేవాడిని దూర్చలేదు. మా విద్యార్థులందరూ ఏడు రోజులే అడిగేవారు, ఎందుకైనా మంచిదని. ఎంత అడిగారు, ఎంత వాడారు అన్న రెండు నిలువు వరుసలను అకౌంటింగ్ నుంచి తీసి ప్రతి సోమవారం వారికి మెయిల్ చేయడం మొదలుపెట్టాక, నెల తిరిగేసరికి చాలామంది అంచనాలు దారికొచ్చాయి.

ఈ పదేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువ బాధపడిన సంగతి స్టోరేజీకి సంబంధించినది. విద్యార్థుల సొంత ఫైళ్లుండే హోమ్ డైరెక్టరీలన్నీ, ఫైళ్లను నెట్‌వర్క్ మీద నోడ్లన్నిటికీ అందించే ఒకే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ మీద ఉన్నాయి. ఎన్‌ఎఫ్‌ఎస్ థ్రెడ్లు డిఫాల్ట్‌గా ఎనిమిదే, వాటిని 64కు పెంచినా, ముప్పై జాబులు తరంగ ఫలనాల ఫైళ్లను ఒకేసారి అక్కడికి రాస్తుంటే డైరెక్టరీ జాబితా కనిపించడానికే అర నిమిషం పట్టేది. అందుకని తాత్కాలిక ఫైళ్లు నోడ్ డిస్క్ మీదే రాయాలని నియమం పెట్టి, జాబ్ ముగిశాక ఆ చోటును తుడిచే ఎపిలాగ్ స్క్రిప్టు రాశాను. మూడో వారంలో ఒక జాబ్ సమయం అయిపోయి ఆగింది. ఫలితాలను హోమ్‌కు కాపీ చేసే వరుస ఆ జాబ్ స్క్రిప్టులో అన్నిటికంటే చివర ఉంది, అది నడవనే లేదు, నా ఎపిలాగ్ వచ్చి ఐదు రోజుల లెక్కను శుభ్రంగా ఊడ్చేసింది. ఆ జాబ్ పెట్టిన అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు, "సార్, మళ్లీ పెట్టుకుంటాను" అన్నాడంతే, ఏదైనా అని ఉంటేనే బాగుండేదనిపించింది. ఆ రోజు నుంచి ఎపిలాగ్ ఏదీ తుడవదు, పక్కకు జరిపి ఏడు రోజులు ఉంచుతుంది. జాబ్ గడువు తీరడానికి పది నిమిషాల ముందే సిగ్నల్ పంపి కాపీ చేయించే వరుసలు మా నమూనా స్క్రిప్టులో ఉన్నాయి.

మాడ్యూళ్లను (కావలసినప్పుడు ఎంచుకునే ప్రోగ్రాములు, లైబ్రరీలను) చూపే ఎల్‌మోడ్, ప్రోగ్రాములు కంపైల్ చేసే స్పాక్ బాగానే ఉన్నాయి. కంపైలర్‌ను ఎంచుకునేవరకు ఎంపీఐ మాడ్యూళ్లు కనిపించవన్నది మాత్రం ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్‌కు మళ్లీ చెప్పాల్సిందే.

ఇవన్నీ కుదిరినా గది చల్లగా లేకపోతే ఏదీ నిలవదు. పూర్తి పనిలో ఒక్కో నోడ్ సుమారు 350 వాట్లు లాగుతుంది, 24కి 8.4 కిలోవాట్లు, ఆ వేడిని తీయడానికి దాదాపు 2.4 టన్నుల ఏసీ నిర్విరామంగా తిరగాలి. మాకు రెండు టన్నులవి రెండున్నాయి, ఒకటి ఆగితే రెండోది సరిపోదు. మే నెలలో ఒక ఆదివారం అదే జరిగింది. గది బయటి నుంచే ఫ్యాన్ల హోరు వినిపిస్తోందని కాపలా ఆయన ఫోన్ చేసేసరికి లోపల 41 డిగ్రీలు ఉంది. ఇప్పుడు ఐపీఎంఐ (నోడ్‌ను దూరం నుంచి చూసుకునే హార్డ్‌వేర్ సదుపాయం) ద్వారా నోడ్లలోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత చదివి, 32 దాటితే కొత్త జాబులు ఆపి, 36 దాటితే ఖాళీ నోడ్లను ఆర్పే స్క్రిప్టు ఉంది. నోడ్లకు మెమరీలో తప్ప సిస్టమ్ లేదు కాబట్టి నిర్దాక్షిణ్యంగా ఆర్పినా ఆపరేటింగ్ సిస్టమ్ చెడదు.

మళ్లీ మొదటి నుంచి కట్టమంటే ఇదే కూర్పు ఎంచుకుంటాను, నోడ్లు మూడు నాలుగు తగ్గించి ఆ డబ్బుతో స్టోరేజీకి రెండో సర్వర్ కొంటాను. లినక్స్ తెలిసిన మనిషి కనీసం సగం సమయం ఇవ్వలేని విభాగానికి మాత్రం దీన్ని సిఫారసు చేయను. ఈ వేసవిలో రాకీ 9, ఓపెన్‌హెచ్‌పీసీ 3కి మారే పని పెట్టుకున్నాను. కొత్త ఇమేజ్ ప్రస్తుతం 24వ నోడ్ మీద ఒక్కదానిపైనే నడుస్తోంది, నచ్చకపోతే పాత ఇమేజ్ పేరు రాసి రీబూట్ చేస్తే మూడు నిమిషాల్లో అది మళ్లీ క్యూలోకి వచ్చేస్తుంది.