హైడెల్‌బర్గ్ మిథైలేషన్ క్లాసిఫయర్: మంచి సాధనమే, కానీ బ్లాకు ఎంపిక సరిగ్గా ఉండాలి

రేటింగ్: 5కి 4

మెదడు కణితి డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు (డీఎన్‌ఏకి అంటుకునే చిన్న రసాయన ముద్రలు) ఎలా పరుచుకున్నాయో చూసి, అది ఏ రకం కణితో చెప్పే ఆన్‌లైన్ సాధనం ఇది. 2018లో నేచర్ పత్రికలో వచ్చినప్పుడు దీని వెనక 2,801 నమూనాలు, 82 కణితి తరగతులు, 9 మామూలు కణజాల తరగతులు ఉన్నాయి. 12వ వెర్షన్‌కి తరగతులు 180 దాటాయి.

దీని అసలు విలువ స్లైడు (మైక్రోస్కోపు కింద పెట్టే పలుచటి కణజాల ముక్క) చూసి తేల్చలేని కేసుల్లో తెలుస్తుంది. పైలాయిడ్ లక్షణాలున్న హై గ్రేడ్ ఆస్ట్రోసైటోమా అనే మెదడు కణితినే తీసుకోండి. మైక్రోస్కోపు కింద ఒకసారి వేగంగా పెరిగే గ్లియోబ్లాస్టోమాలా, ఇంకోసారి నెమ్మదిగా పెరిగే పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమాలా కనిపిస్తుంది. అందుకే 2021 డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణ దీనికి మిథైలేషన్ ప్రొఫైల్‌ని తప్పనిసరి చేసింది.

రిపోర్టులో చాలామంది స్కోరు (తరగతితో ఎంత సరిపోయిందో చెప్పే 0 నుంచి 1 దాకా అంకె) ఒక్కటే చూసి ఆపేస్తారు. అది పొరపాటు. కింద ఉండే క్రోమోజోముల గ్రాఫ్ (ఏ భాగం కాపీలు తగ్గాయో, పెరిగాయో చూపేది) దగ్గర కాసేపు ఆగాలి. స్లైడులో కణం చుట్టూ తెల్లటి వలయాలు చూసి ఆలిగోడెండ్రోగ్లియోమా అనే కణితి అనుకున్నారనుకోండి. గ్రాఫ్‌లో 1పి, 19క్యూ (1వ, 19వ క్రోమోజోముల్లో ఒక్కో భాగం) రెండూ కిందికి దిగి ఉండాలి. అవి మామూలుగా ఉండి, 14వ క్రోమోజోము మొత్తం దిగిపోతే డీజీఓఎన్‌సీని (చూపుకి ఆలిగోడెండ్రోగ్లియోమాలా ఉండే అరుదైన వేరే కణితి) అనుమానించాలి. మళ్లీ స్లైడు తీస్తే గుంపులుగా అతుక్కున్న న్యూక్లియస్‌లు దొరుకుతాయి. 9పి21 (9వ క్రోమోజోము మీద ఒక చోటు) దగ్గర లోతైన గుంట ఉంటే సీడీకేఎన్2ఏ జన్యువు రెండు కాపీలూ పోయాయని అర్థం.

తేడా ఎక్కువగా వచ్చేది నమూనా దగ్గరే. హెచ్&ఈ (మామూలుగా వాడే రంగు వేసిన) స్లైడు మీద కణితి కణాలు 70 శాతం పైగా ఉన్న చోట గుర్తు పెట్టి, పారఫిన్ బ్లాకులో (కణజాలాన్ని మైనంలో పొదిగి దాచిన దిమ్మె) ఆ భాగాన్నే గీకి తీయాలి. మామూలు మెదడు కణజాలం ఎక్కువ కలిస్తే జవాబు కంట్రోల్ (మామూలు కణజాల) తరగతిలో పడుతుంది. నెక్రోసిస్ (చచ్చిపోయిన కణాలు) ఉన్న చోటు, యాసిడ్‌తో డీకాల్సిఫై చేసిన (కాల్షియం తీసేసిన) ముక్క తీసుకోవద్దు, వాటిలో డీఎన్‌ఏ పాడైపోయి ఉంటుంది. పారఫిన్ నమూనాకి 250 నానోగ్రాముల డీఎన్‌ఏ దగ్గర పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. బైసల్ఫైట్ (మిథైల్ గుర్తుల్ని పట్టిచ్చే రసాయనం) తర్వాత రిస్టోరేషన్ (పాడైన డీఎన్‌ఏని బాగుచేసే) దశ వదలకూడదు. అప్‌లోడ్‌లో రెడ్, గ్రీన్ ఐడాట్ ఫైళ్లు (పరీక్ష యంత్రం ఇచ్చే ముడి డేటా) రెండూ ఒకే పేరుతో ఉండాలి. నమూనా పారఫినా, ఫ్రోజెనా (గడ్డకట్టించి దాచినదా) అన్నది సరిగ్గా ఎంచుకోవాలి.

0.9, ఆ పైన స్కోరు వస్తే నమ్మొచ్చు, అదీ స్లైడుతో పొసిగితేనే. అంతకంటే తక్కువ వస్తే ముందు కణితి శాతం మళ్లీ చూడండి. అది బాగానే ఉండి కూడా మ్యాచ్ రాలేదంటే, ఆ రకం కణితి రిఫరెన్సులో (సాధనం పోల్చి చూసే నమూనాల్లో) లేకపోయి ఉండొచ్చు. అరుదైన కణితుల్లో ఇది మామూలే, పరీక్ష ఫెయిలైందని కొట్టిపారేయకండి.

ఒక పాయింటు తగ్గించింది ఎందుకంటే బీరాఫ్ వీ600ఈ లాంటి పాయింట్ మ్యుటేషన్లు (జన్యువులో ఒక్క అక్షరం మారడం) ఇందులో కనబడవు. ఫ్యూజన్లు (రెండు జన్యువులు ఒకటిగా అతుక్కోవడం) కూడా నేరుగా తెలియవు, గ్రాఫ్‌లో జాడ మాత్రమే ఉంటుంది. 7క్యూ34 (7వ క్రోమోజోము మీద ఒక చోటు) దగ్గర చిన్న ఎత్తు కనిపిస్తే కేఐఏఏ1549-బీరాఫ్ ఫ్యూజన్ కోసం ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ విడిగా పంపాలి. అందుకు సరిపడా బ్లాకు ముందే మిగిల్చి ఉంచండి.