వాతావరణమా, పొరుగు జీవులా: ఒక చోట ఏది బతకాలో తేల్చేది ఎవరు?

ఒక అడవిలోనో సరస్సులోనో ఫలానా జీవులే ఎందుకున్నాయి అని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. వేడి, నీరు, ఉప్పు, నేలలో ఉండే పోషకాలు, వీటిని బట్టే అంతా అని కొందరంటారు. కాదు, ఎవరు ఎవర్ని తింటున్నారు, ఎవరి చోటు ఎవరు లాక్కుంటున్నారు అన్నదే అసలు సంగతి అని మిగతావాళ్లంటారు. రెండూ ముఖ్యమే అనేసి ఊరుకోవచ్చు గానీ, ఎక్కడ దేనిది పైచేయో ప్రయోగాలు చేసి మరీ చూసినవాళ్లున్నారు.

వాటిలో నాకు బాగా నచ్చేది జోసెఫ్ కానెల్ అనే జీవావరణ శాస్త్రవేత్త 1961లో ప్రచురించిన పని. స్కాట్లాండ్ తీరంలో ఆటుపోట్లకి మునుగుతూ తేలుతూ ఉండే రాళ్ల మీద బార్నకిల్స్ ఉంటాయి, చిన్న చిన్న పెంకు జీవులు, పిల్లలుగా ఈదుకుంటూ వచ్చి ఒకసారి రాయికి అతుక్కున్నాయంటే ఇక జన్మలో కదలవు. పై వరుసలో క్థామలస్ అనే రకం, కింద బలానస్ అనే రకం. చూడగానే దేని ఇష్టం దానిది అనిపిస్తుంది. కానెల్ కొన్ని చోట్ల బలానస్‌ని గీకేసి చూస్తే క్థామలస్ కింద కూడా హాయిగా బతికింది! అంటే దాన్ని అక్కడ ఉండనివ్వనిది నీరు కాదు, బలానసే. అది గబగబా పెరుగుతూ పక్కదాన్ని కప్పేస్తుంది, నలిపేస్తుంది, కొన్నిసార్లు అడుగున దూరి రాయి మీంచి ఊడబెరుకుతుంది. మరి అంత బలమున్నది పైకెందుకు రాదు? నీళ్లు వెనక్కి పోయినప్పుడు అక్కడ ఎక్కువసేపు పొడిగా ఉండాలి, అది తట్టుకోలేక ఎండి చస్తుంది. ఒకే రాయి మీద బలానస్‌ని పైన ఆపింది ఎండ, క్థామలస్‌ని కింద ఆపింది పొరుగు జీవి.

పొరుగు జీవుల పక్షం వాళ్లు ఎప్పుడూ చెప్పేది రాబర్ట్ పెయిన్ స్టార్‌ఫిష్ ప్రయోగం. అమెరికాలోని వాషింగ్టన్ తీరంలో ఒక రాతి ముక్క మీది స్టార్‌ఫిష్‌లన్నిటినీ ఏరి పారేస్తూ వచ్చాడు. వాటికి ఆహారమైన ఆల్చిప్పలకి అడ్డు లేకుండా పోయి రాయంతా ఆక్రమించేశాయి, అంతకుముందు 15 జాతులున్న చోట 8 మిగిలాయని 1966లో రాశాడు. ఎండ గానీ అలలు గానీ ఏమీ మారలేదు, ఒక్క వేటగాడు పోయాడంతే. బలమైన సాక్ష్యమే, కాదనలేం.

అవతలి పక్షానికీ అంతే గట్టి సాక్ష్యం ఉంది. కెనడాలో 226వ నంబరు సరస్సుని 1973లో మధ్యలో తెర కట్టి రెండు చేశారు. రెండు వైపులా కార్బన్, నత్రజని కలిపారు, ఒక వైపు మాత్రం ఫాస్ఫరస్ కూడా వేశారు. ఆ వైపు నాచు పట్టి పచ్చగా మారింది, రెండో వైపు మామూలుగానే ఉండిపోయింది. కావాల్సిన వాటిలో దేనికి కొరత ఉందో అదే పెరుగుదలని ఆపుతుందని పంటల విషయంలో ఎప్పటినుంచో చెప్తున్నదే, సరస్సంత మేర కళ్లకి కట్టింది.

కెనడాలోనే యూకాన్‌లో మంచు కుందేళ్ల మీద చేసిన ప్రయోగం ఇంకా చిత్రం. వేటాడే మృగాలు రాకుండా కంచె వేస్తే కుందేళ్లు దాదాపు రెండింతలయ్యాయి, తిండి అదనంగా పెడితే మూడింతలు. రెండూ కలిపి చేస్తే ఆరింతలు అవ్వాలి కదా, పదకొండింతలయ్యాయి! ఇలాంటి చోట ఎవరి వాటా ఎంత అని పంచడానికి కుదరదు.

అయినా ఒక పద్ధతి కనిపిస్తుంది. పరిస్థితులు మెత్తగా ఉన్న చోట పోటీ ముదురుతుంది, కఠినంగా ఉన్న చోట వాతావరణమే ముందుకొస్తుంది. పైగా అక్కడ పొరుగు మొక్క శత్రువు కాదు, ఆసరా. వేర్వేరు పర్వతాల మీద పక్క మొక్కల్ని పీకేసి చూస్తే కింది ఎత్తుల్లో మిగిలినవి ఎక్కువగా బాగుపడ్డాయి, పైన చలిగాలుల్లో మాత్రం ఎక్కువగా దెబ్బతిన్నాయి.

ఒకటే ఎంచుకోమంటే, ముఖ్యంగా పాడైన చోటుని బాగుచేసే పనిలో, నేను నీరు, నేల, వాతావరణం పెట్టే హద్దుల్నే ముందు చూడమంటాను. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో 1995, 96లలో తోడేళ్లని తెచ్చి వదిలారు, అవి ఎల్క్ జింకల్ని వేటాడాయి, చెట్లు లేచాయి, నదులే మారిపోయాయి అని ఓ కథ తెగ తిరుగుతుంటుంది. వినడానికి బాగుంటుంది గానీ, తోడేళ్లు లేని దశాబ్దాల్లో జింకలు విల్లో మొక్కల్ని మేసేయడంతో వాటి మీద ఆధారపడ్డ బీవర్లు అనే జంతువులు చాలా చోట్ల కనుమరుగయ్యాయి, అవి వాగులకి అడ్డంగా కట్టే ఆనకట్టలు పోయాయి, వాగులు లోతుగా కోసుకుపోయి నేలలో నీటి మట్టం కిందికి దిగింది. అలాంటి చోట్ల జింకలు రాకుండా కంచె వేసినా విల్లోలు పెద్దగా ఎదగలేదు, కంచెతో పాటు చిన్న ఆనకట్ట కట్టి నీటి మట్టం పెంచిన చోటే బాగా ఎదిగాయి. ఆ నీటిని అన్నాళ్లూ పైన నిలిపింది మళ్లీ ఒక జీవేగా అంటారా, నిజమే, నా వాదనకి అక్కడ చిల్లు పడుతుంది. కానీ బీవర్లు తిరిగి రావాలంటే విల్లోలు కావాలి, విల్లోలకి నీళ్లు కావాలి, తోడేళ్లు ఎన్ని ఉన్నా ఆ నీళ్లు తెచ్చిపెట్టలేవు.