పిల్లలమర్రిలో ఒక పూట, రిట్రీట్ సెంటర్లో ఒక రాత్రి

సండే స్కూల్ పిల్లల్ని బయటికి తీసుకెళ్లాలనుకునే టీచర్లకు ముందే చెప్తున్నా. ‘ప్రకృతి ఒడిలో ప్రార్థన’ అని పాంప్లెట్ వేసిన ప్రతి రిట్రీట్ సెంటరుకీ (ప్రార్థనల కోసం బస చేసే చోటు) అడ్వాన్స్ కట్టేయకండి. మనిషికి 650 చొప్పున 26 మందికి 16,900 రూపాయలు పోస్తే మాకు దక్కింది ఒక రేకుల షెడ్డు, నాలుగు సౌండ్ బాక్సులు, ఉప్పునీళ్లు.

సంక్రాంతి సెలవుల్లో నల్గొండ నుంచి మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి బయల్దేరాం. 21 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం, అయ్యగారు (మా పాస్టరు), అమ్మగారు (ఆయన భార్య), డ్రైవరన్న. మినీ బస్సు రెండు రోజులకు డీజిల్‌తో కలిపి 22,000. పాఠం ముందే అనుకున్నాం: బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం, ఏలీయా ప్రవక్త కథ. యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోయిన మనిషి ఒక బదరీవృక్షం కింద కూలబడి, ఇక చచ్చిపోతే బాగుండును అంటాడు. దేవుడు తిట్టడు, ప్రసంగం చేయడు. నిద్రపోనిస్తాడు. దూత వచ్చి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి లేపుతుంది. మళ్లీ నిద్ర, మళ్లీ తిండి. మాటలు ఆ తర్వాతే, హోరేబు కొండ మీద. మా క్లాసులో ఒక బాబు వాళ్ల నాన్న పోయినప్పటి నుంచి పాట కూడా పాడటం లేదు. వాడికి ఈ కథను గోడ మీది బొమ్మలతో చెప్పడం నాకు ఇష్టం లేక ఈ ప్రయాణం పెట్టుకున్నాం.

దేవరకొండ, డిండి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా దారి బాగానే సాగింది. తెచ్చుకున్న పులిహోర కల్వకుర్తి రాకముందే అయిపోయింది. జడ్చర్లలో మెన్నోనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ల ఆసుపత్రి గురించి అయ్యగారు చెప్పారు. ఆ సంఘం మిషనరీలే రష్యా నుంచి 1889లో మన దేశానికి వచ్చి నల్గొండ కేంద్రంగా పని మొదలుపెట్టారనీ, యుద్ధంలో కూడా ఆయుధం పట్టకూడదని నమ్మే సంఘమనీ వివరించారు. శాంతి గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి మొదలు ఉండదు కానీ, అప్పటికి ముక్కాలు మంది పిల్లలు నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్నారు.

పిల్లలమర్రి మహబూబ్‌నగర్ టౌనుకు నాలుగు కిలోమీటర్లు. ఏడు వందల ఏళ్ల పైబడిన మర్రి అంటారు. ఊడలు దిగి దిగి అసలు మొదలు ఏదో తెలియనంతగా మూడెకరాలకు పైగా పరుచుకుంది. మమ్మల్ని చెట్టు కిందికి పోనివ్వలేదు, కంచె ఇవతలి నుంచే చూశాం. దానికి పిల్లలు మొదట గునిశారు. అక్కడ పనిచేసే ఒక పెద్దాయన కారణం చెప్పేసరికి గోల ఆగింది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడిందట. జనం కొమ్మలెక్కి ఊగడం ఒకటి, లోపల చెద తొలిచేయడం ఒకటి. ముందు కాండానికి రంధ్రాలు చేసి మందు లోపలికి పంపి చూశారు. అది బయటికి కారిపోయింది. అప్పుడు సెలైన్ సీసాల్లో చెదమందు కలిపి, రెండేసి మీటర్లకు ఒకటి కట్టి, చుక్క చుక్కగా ఎక్కించారు. అలాంటి సీసాలు వందల్లో కట్టారట. వాలిన కొమ్మలకు సిమెంటు స్తంభాలు నిలబెట్టారు, లేత ఊడలకు పైపులు తొడిగి మట్టిలోకి దింపారు.

“చెట్టుకు గ్లూకోజ్ ఎక్కిచ్చిన్రా తాతా?” అని అందరూ నవ్వుతుంటే, పాడని బాబు మాత్రం “ఎన్ని రోజులకు నయమైంది?” అని అడిగాడు. “ఇంకా చూస్తనే ఉన్నం బిడ్డా. ఏండ్లు పడ్తది” అన్నాడాయన. నేను రాసుకున్న పాఠం నోట్సు సంచిలోంచి తీయనే లేదు. ఆ ఆవరణలోనే శ్రీశైలం ముంపు నుంచి తరలించి మళ్లీ కట్టిన రాజరాజేశ్వర ఆలయం ఉంది, చెట్టు దగ్గర దర్గా ఉంది, మ్యూజియం ఉంది. అవన్నీ చూడటానికి మూడు గంటలైనా పెట్టుకోండి. మేం రిట్రీట్ వాళ్ల ఫోన్లకు టెన్షన్ పడి రెండు గంటల్లోనే బస్సెక్కాం.

ఆ రిట్రీట్ సంగతి. పాంప్లెట్‌లో మామిడి తోట ఫొటో ఉంది. తోట నిజమే, కానీ పక్కవాళ్లది. మధ్యలో ముళ్లకంచె. అడిగితే మేనేజరు “వ్యూ మనదే కద మేడమ్” అన్నాడు. పరుపులకు వేరే డబ్బులు, ఒక్కోటి 40. పిల్లలకు 21 తీసుకుంటే 840. ఇక నీళ్లు! బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉన్నాయి. ప్యాకేజీలో భోజనమే ఉంది, మంచినీళ్లు లేవట. బయట 20 రూపాయలకు దొరికే క్యాన్ అక్కడ 60. ఆరు కొన్నాం.

నల్గొండ పిల్లలకు నీళ్ల మాటెత్తితే వచ్చే భయం వేరు, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయినవాళ్లను చూసి పెరిగారు మరి. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన పాప, “మా నానమ్మ మోకాళ్లు బోరు నీళ్లతోనే వంగినయట, ఇవి తాగొద్దు” అని మిగతావాళ్ల గ్లాసులు కూడా లాక్కుంది. ఫ్లోరైడ్‌కు రుచి ఉండదు, ఉప్పగా ఉన్నంత మాత్రాన అదే అనుకోవద్దని చెప్పాను. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేట నీళ్లు వంచుకుని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన ఊరి పేరే పెట్టి నల్గొండ టెక్నిక్ అంటారనీ చెప్పాను. గ్లాసులు మాత్రం వెనక్కి ఇవ్వలేదు. నాకూ బలవంతం చేయబుద్ధి కాలేదు.

రాత్రి ఎనిమిదికి వాళ్ల స్పీకరు మైకు అందుకుని పదకొండుకు దింపాడు. అంశం ‘శాంతి’. రేకుల కింద ఆ అరుపుకు ఏడేళ్ల పాప ఏడ్చేసింది. మధ్యలో నేను లేచి, చిన్నపిల్లల్ని పడుకోబెడతామని అడిగితే “అభిషేకం మధ్యలో లేవొద్దు సిస్టర్” అన్నారు. అయ్యగారు మొహమాటస్థులు, గొడవ వద్దని సైగ చేశారు. అమ్మగారు మాత్రం ఆరుగురు చిన్నవాళ్లను తీసుకెళ్లి బస్సులో పడుకోబెట్టి తలుపేసుకున్నారు. ఏలీయాకు దొరికిన నిద్ర, తిండి, నీళ్లలో ఇక్కడ ఒక్కటీ ఊరికే రాలేదు. పొద్దున బిల్లులో సౌండ్ సిస్టమ్ పేరుతో ఇంకో 1,500. అది మాత్రం కట్టనని కుర్చీలోంచి లేవలేదు. గంట వాదించాక 500కు దిగాడు.

ఉప్మా పెడతామన్నా ఆగకుండా వచ్చేశాం. కల్వకుర్తి ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు పక్కన వేపచెట్టు కింద ఒకావిడ కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు చేస్తోంది. రొట్టె 15 రూపాయలు. వంకాయ కూర, పచ్చిమిర్చి తొక్కు అడిగినంత. కుండ నీళ్లు ఊరికే. చేత్తో కొట్టిన రొట్టె పెనం మీద కాలి, తర్వాత నిప్పుల మీద పొంగుతుంటే పిల్లలు చుట్టూ మూగారు. “ఏలీయాకు దేవదూత పెట్టింది గిదే టీచర్” అన్నాడొకడు. పాడని బాబు మూడు తిన్నాడు. 48 రొట్టెలకు 720 అయింది. నెయ్యి అడిగితే లేదంది, ఉంటే ఇంకో పది లేచేవి. ఆవిడకు ‘దేవదూత’ అని పేరు పెట్టేశారని చెప్తే, “పొగకు కండ్లు మండుతున్నయ్, దూత లేదు గీత లేదు” అని నవ్వింది.

డిండి దగ్గర రిజర్వాయర్ గట్టున చెట్ల నీడలో ఆరాధన చేశాం. మైకు లేదు, తప్పెట కూడా తీయలేదు. కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు వినమన్నాను. ఏం వినిపించిందని అడిగితే గాలి, కొంగ, దూరంగా మోటారు, డ్రైవరన్న ఫోను అన్నారు. గాలి పోయాక, భూకంపం పోయాక, అగ్ని పోయాక ఏలీయాకు వినిపించిన నెమ్మదైన స్వరం గురించి అప్పుడు చెప్పాను. పది నిమిషాల్లో పాఠం అయిపోయింది. కోరస్‌కు ఆ బాబు గొంతు కలిపాడో లేదో నాకు కచ్చితంగా తెలీదు. పక్కన కూర్చున్న టీచరు కలిపాడంటుంది.

తల్లిదండ్రులకు లెక్క చెప్పేటప్పుడు రిట్రీట్ దగ్గర పోయిన 18,600 చూసి ఒకాయన గట్టిగానే అడిగారు. అడగాల్సిందే. ఈసారి ఒక్క రోజులోనే వెళ్లొద్దామని అమ్మగారి మాట. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు చిన్నవాళ్లను బస్సులో కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. మహబూబ్‌నగర్‌లో ఏదైనా సంఘాన్ని ముందుగా అడిగి చర్చి హాల్లో చాపలు పరుచుకుని పడుకుంటే చాలు. కానుకగా ఏ రెండు వేలో ఇచ్చి రావచ్చు. మంచినీళ్ల క్యాన్లు మాత్రం జడ్చర్లలోనే ఎక్కించుకోండి.