స్లీవ్ సర్జరీ తర్వాత నాలుగేళ్ళు: చిన్న కాటా, ప్రోటీన్ డబ్బా, కేలరీల యాప్

బరువు తగ్గడానికి స్లీవ్ సర్జరీ చేయించుకుని నాలుగేళ్ళు దాటింది. అప్పట్లో మూడు కొన్నాను, లేదా మొదలుపెట్టాను: ఐదు కిలోల వరకు తూచే చిన్న డిజిటల్ కాటా, ఏ రుచీ కలపని వే ప్రోటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే ప్రోటీన్ పొడి) డబ్బా, ఫోన్లో కేలరీలు లెక్కపెట్టే యాప్. వీటిలో కాటాకి పూర్తి మార్కులు వేస్తాను. ప్రోటీన్ పౌడరు మొదటి ఏడాది లేకపోతే నాకు గడిచేది కాదు, ఇప్పుడు అవసరాన్ని బట్టి వాడతాను. యాప్ కొన్ని నెలలు వాడి తీసేసి, దాని బదులు నోటుబుక్కు పెట్టుకున్నాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. సర్జరీ అయినవాళ్ళకి దొరికే సలహాల్లో గ్రీక్ యోగర్ట్, టర్కీ మాంసం, కాటేజ్ చీజ్ అని ఉంటుంది తప్ప చేపల పులుసు తినేవాళ్ళు లెక్క ఎలా వేసుకోవాలో ఎవరూ చెప్పరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

స్లీవ్‌లో కడుపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మొదట కొన్ని వారాలు ద్రవాలు, తర్వాత మెత్తగా మెదిపినవి, ఆ తర్వాతే గట్టి పదార్థాలు. ప్రోటీన్ మాత్రం రోజుకి 60 నుంచి 80 గ్రాములు పడాలంటారు. నాలుగైదు చెంచాలకే నిండిపోయే కడుపుతో అది పెద్ద పని. మొదటి ఏడాది నా ఇబ్బంది ఎక్కువ తినడంతో రాలేదు, సరిపడా తినలేకపోవడంతో వచ్చింది. ప్రోటీన్ తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మూడో నెల నుంచి ఆరో నెల మధ్య చాలామందికి జుట్టు రాలుతుంది. ఒక్కసారిగా బరువు తగ్గడం వల్ల అది ఎలాగూ ఉంటుంది గానీ, ప్రోటీన్, ఐరన్ తక్కువైతే ఇంకా ఎక్కువవుతుంది. డైటీషియన్ నాకు చెప్పిన వరస ఇది: ముందు ప్రోటీన్, తర్వాత కూర, చోటుంటే అన్నం. వరి పండే ఊళ్ళో, అన్నం తినకపోతే భోజనమే చెయ్యలేదనుకునే ఇంట్లో ఈ వరస పాటించడం ఎంత కష్టమో నేను వేరే చెప్పక్కర్లేదు. వంద గ్రాముల అన్నంలో 130 కేలరీలుంటాయి, ప్రోటీన్ మూడు గ్రాములు కూడా ఉండదు. ఆ వంద గ్రాములు ముందే తినేస్తే అప్పట్లో నాకు ఇంక చేప ముక్కకి చోటుండేది కాదు.

కాటా ఇక్కడే ఆదుకుంది. మా అత్తగారికి మొదట్లో ఇది నచ్చలేదు. "అన్నం ముద్ద కూడా బంగారంలా తూచుకు తినాలా అమ్మాయ్?" అని బాధపడేవారు. ఆవిడ బాధ నాకు అర్థమయ్యేది. ఆవిడ చేతి వంట తిని పెరిగిన ఇల్లు అది, కొసరి వడ్డించడమే ఆవిడకి తెలిసిన ప్రేమ. కాటా వచ్చాక మా మధ్య వాదన తగ్గింది. "చాలండీ" అంటే మొహమాటం అనుకునేవారు, 40 గ్రాములు అని అంకె కనబడితే ఒప్పుకునేవారు.

రొయ్యలకైతే కాటా కూడా అక్కర్లేదని తర్వాత తెలిసింది. మా వైపు కౌంటు అంటే చిన్నపిల్లలకీ తెలుసు, కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు. 50 కౌంటు అంటే ఒక్కో రొయ్య తలతో కలిపి 20 గ్రాములు. తల, పొట్టు తీసేస్తే సగానికి కొంచెం పైన, అంటే పది పదకొండు గ్రాములు మిగులుతుంది. వనామీ రకం రొయ్య పచ్చి కండలో వంద గ్రాములకి సుమారు 20 గ్రాముల ప్రోటీన్. కాబట్టి 50 కౌంటు రొయ్య ఒక్కటి రెండు గ్రాములు, వంద కౌంటైతే ఒక గ్రాము. వేగాక రొయ్య ముడుచుకుపోయి బరువు తగ్గినా పోయేది నీరే, ప్రోటీన్ కాదు. అందుకని వండాక తూచడం కంటే లెక్కపెట్టడమే నయం. ఇప్పుడు అత్తగారే "ఇవాళ యాభై కౌంటు, నీకు ఏడు వేశాను" అంటారు. ఏడంటే 14 గ్రాములు. గోంగూరలో వేసినా, ములక్కాడల్లో వేసినా ఆ లెక్క మారదు.

చేపకి మాత్రం తూచాల్సిందే. ఖాళీ పళ్ళెం కాటా మీద పెట్టి సున్నా చేసి, పులుసు కారిపోయేలా ఎత్తి ముక్క ఒక్కటే అందులో పెడతాను. 80 గ్రాములు చూపించింది అనుకోండి. తిన్నాక ముళ్ళూ తోలూ అదే పళ్ళెంలో వేసి మళ్ళీ తూస్తే 12. తిన్నది 68 గ్రాములు. శీలావతి, బొచ్చె ఉడికిన కండకి నూటికి 20 చొప్పున వేసుకుంటే 13, 14 గ్రాముల ప్రోటీన్. తోక ముక్కలో సన్నముళ్ళు ఎక్కువ, పొట్ట ముక్కలో తక్కువ. మెత్తటి ఆహారం దశ దాటిన కొత్తలో నేను పొట్ట ముక్కే అడిగి వేయించుకున్నాను, ముళ్ళు ఏరుకోవడంలో అలసిపోకుండా. ముక్క బాగా నమలాలి, నీళ్ళు మాత్రం భోజనంతో తాగకూడదు. అరగంట ఆగి గుటక గుటకగా తాగి, పడుకునేలోపు లీటరున్నరైనా పూర్తి చెయ్యాలి. ఎండాకాలం ఇది మరీ ముఖ్యం. కొబ్బరి బొండం నాకు బాగా పడింది, నీళ్ళ వరకే. లేత కొబ్బరి గీసి తినడం మొదలుపెడితే లెక్క మారిపోతుంది.

నూనె దగ్గర కాటా నాకు కొత్త సంగతి చూపించింది. నూనె సీసాని కాటా మీద పెట్టి సున్నా నొక్కండి. మూకుట్లో పోసి సీసాని తిరిగి పెట్టండి. మైనస్ 45 అని వస్తే మీరు పోసింది 45 గ్రాములు, అంటే 400 కేలరీలు. మా ఇంట్లో వేపుడికి పడే నూనె ఎంతో అలా తెలిసింది. ఇంటిల్లిపాదికీ కూర ఒకటే కాబట్టి నాకోసం వేరే వండటం లేదు. రొయ్యలు ముందే ఆవిరి మీద ఉడికించి, నీరు ఇగిరాక చివర్లో నూనె వెయ్యడం అలవాటు చేశాం. మా ఆయనకి తేడా తెలియలేదు.

పప్పు విషయంలో చాలామంది నన్ను అడుగుతారు, కాబట్టి ఇది చెప్పాలి. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉన్నమాట నిజమే, కానీ అది పొడి పప్పు లెక్క. ఉడికించి, టమాటా వేసి, నీళ్ళు పోసి దించాక గిన్నె బరువు తీసేస్తే అది 450 గ్రాములయింది. అందులో నా వంతు వంద గ్రాములు, అంటే ప్రోటీన్ అయిదు గ్రాములే. పప్పుచారైతే ఇంకా పలచన, పొట్ట నిండుతుంది గానీ అంకె కదలదు. శాకాహారులు ముద్దపప్పు, గడ్డపెరుగు, పనీరు, పెసరట్టు మీద ఆధారపడితే మేలు, పౌడరు కూడా ఎక్కువ కాలం వాడాల్సి రావచ్చు. ఏ కూరకైనా పద్ధతి ఒకటే. పచ్చి సరుకు విడివిడిగా తూచి రాసుకుని, వండిన మొత్తం తూచి, నా గిన్నెలోకి వచ్చినదాన్ని బట్టి వాటా తీస్తాను. ఒక కూరకి ఒక్కసారి చేస్తే చాలు, ఇంట్లో కొలతలు పెద్దగా మారవు కదా.

యాప్ ఇందుకే పనికిరాలేదు. చేపల పులుసు అని వెతికితే ఒక్కో వాడకందారు ఒక్కో అంకె ఎక్కించి పెట్టారు, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. అందులో ఒక గిన్నె అంటే 150 గ్రాములు, నేను తినేది 60. రోజుకి 700 కేలరీలు రాస్తే తక్కువ తింటున్నారని హెచ్చరిక. సర్జరీ అయిన కొత్తలో అంతే తినగలమన్న సంగతి దానికి తెలియదు. రోజూ ఆ హెచ్చరిక చూస్తుంటే నాకు టెన్షన్ వచ్చేది. నడిచిన అడుగులకి కేలరీలు కలిపి ఇంకా తినొచ్చని చూపించడం మరీ అన్యాయం. ప్యాకెట్ల మీది బార్‌కోడ్ చదవడం మాత్రం బాగుంది. ప్యాకెట్ సరుకు ఎక్కువ వాడేవాళ్ళకి, పట్నంలో ఉండేవాళ్ళకి సరిపోతుందేమో.

నా నోటుబుక్కుకి ఆధారం హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పదార్థాల పట్టిక. 528 పదార్థాలున్నాయి, మన చేపలు, పప్పులు, గోంగూర దాకా. అవి పచ్చి సరుకు అంకెలని గుర్తుంచుకుంటే అంతకంటే నమ్మకమైనది నాకు దొరకలేదు.

వే ప్రోటీన్ గురించి. ముప్పై గ్రాముల స్కూపులో సుమారు 24 గ్రాముల ప్రోటీన్, 120 కేలరీలు. టోన్డ్ పాలు 200 మిల్లీలీటర్లలో కలిపితే 30 గ్రాములు పొద్దున్నే అయిపోతాయి, సగం బరువు దిగినట్టే. ఆ ఒక్క గ్లాసుని నేను గంటసేపు తాగిన రోజులున్నాయి. పాలు పడకపోతే ఐసొలేట్ రకం తీసుకోండి, అందులో లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, బాగా తక్కువ. చాక్లెట్, వెనిల్లా రుచులు మొదటి వారం బాగుంటాయి, తర్వాత వాసనకే వికారం పుడుతుంది. రుచి లేనిదైతే మజ్జిగలో ఉప్పు, కరివేపాకుతో తాగొచ్చు, చారులో కూడా కలపొచ్చు. చారు పొయ్యి దించి గోరువెచ్చగా అయ్యాకే వెయ్యాలి, మరుగుతుంటే విరిగి ఉండలు కడుతుంది. మా ఇంట్లో గేదె పాలు. ప్రోటీన్ బాగానే ఉంటుంది కానీ వెన్న కూడా ఎక్కువే, కాచి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి పొద్దున్నే మీగడ మొత్తం తీసేస్తాను. ధర మాటకొస్తే పౌడరు ఖరీదైనదే. గుడ్డుకి ఆరు గ్రాములు చొప్పున లెక్కేసుకుంటే గుడ్లే చౌక, తినగలిగే దశ వచ్చాక వాటికే మారండి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. రెండో ఏడాది దాటాక ఆకలి తిరిగొచ్చింది. కడుపు కొంచెం సాగింది. ఇప్పుడు నా రోజు 1,100, 1,200 కేలరీల మధ్య నడుస్తుంది, అంకె పెరగకుండా చూసుకోవడమే పని. చేప, రొయ్య, గుడ్డు ఇప్పటికీ కొంచెం తినగానే నిండినట్టు ఉంటాయి. జంతికలు, కారప్పూస, బిస్కెట్లు, పూతరేకులు మాత్రం నోట్లో కరిగి జారిపోతాయి, కడుపుకి తిన్నట్టే తెలియదు. సర్జరీ అయి మళ్ళీ బరువు పెరిగినవాళ్ళలో నాకు తెలిసినవాళ్ళంతా ఈ దారినే పెరిగారు, పెద్ద భోజనాలతో కాదు. సంక్రాంతికి నన్ను ఎక్కువగా అడిగేది సున్నుండ గురించి, మినుములే కదా అని. మినుములు వంద, బెల్లం వంద, నెయ్యి యాభై గ్రాములతో మేం చేసుకున్న ఉండ ముప్పై గ్రాములు తూగితే 140 కేలరీలు, ప్రోటీన్ మూడు గ్రాములు. అవే 140 కేలరీలకి ఆవిరి మీద ఉడికిన రొయ్యల్లో ముప్పై గ్రాముల పైన వస్తుంది. నేను పండక్కి ఒక సున్నుండ తింటాను, రాసుకుని తింటాను. గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి కడుపుని చిన్నది చేసి పేగుకి కలిపే ఇంకో రకం సర్జరీ) చేయించుకున్నవాళ్ళు తీపితో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తిన్న కాసేపటికే గుండె దడ, చెమటలు, కడుపునొప్పి రావచ్చు. స్లీవ్ వాళ్ళలోనూ కొందరికి వస్తుంది.

లెక్క ఎంత బాగా కుదిరినా మాత్రలు మానకూడదు: బీ12, ఐరన్, కాల్షియం సిట్రేట్, విటమిన్ డి. కాల్షియానికీ ఐరన్‌కీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఏటా రక్తపరీక్ష. ఆగకుండా వాంతులవుతుంటే ఇంట్లో కూర్చోకుండా వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్ళండి, థయమిన్ (విటమిన్ బీ1) పడిపోతే నరాలు దెబ్బతింటాయి.

కాటా కొనేవాళ్ళకి నా అనుభవం. కొన్నిరకాలు రెండు నిమిషాల్లో ఆరిపోతాయి, మళ్ళీ వేస్తే పెట్టిన సున్నా పోతుంది. చేప ముళ్ళు తీసేలోపు నాది చాలాసార్లు ఆరిపోయింది, అందుకే పళ్ళెం ఖాళీ బరువు వెనకాల మార్కర్‌తో రాసి పెట్టుకున్నాను. చెంచాతో కొంచెం కొంచెంగా వేస్తే రెండు మూడు గ్రాములు అసలు చూపించదు, పౌడరు లాంటివి వేరే గిన్నెలో పోసి ఒక్కసారే పెట్టండి. మా వైపు తేమకి బ్యాటరీ గూట్లో స్ప్రింగు తుప్పు పట్టింది, గీకి శుభ్రం చేస్తే పనిచేసింది. వేడి గిన్నె నేరుగా పెట్టకండి, అంకె ఊగుతుంది. సరిగా తూస్తోందో లేదో చూడటానికి రాళ్ళు కొనక్కర్లేదు. పది రూపాయల నాణెం సుమారు 7.7 గ్రాములు. పది నాణేలు పెట్టండి, 77 రావాలి. ఒకటి అటూ ఇటూ అయితే ఫర్వాలేదు, 80 దాటితే షాపువాడికి తిరిగి ఇచ్చెయ్యండి.