బర్తరఫా, ఉద్వాసనా, తొలగింపా: ఏది మేలు?

పదవి పోయిన మనిషి గురించి రాయడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. చిక్కల్లా ఈ మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేయడంతోనే.

'తొలగు' అచ్చ తెలుగు. పక్కకు జరగడం దాని అర్థం. ఇంకొకరు జరిపితే తొలగించడం. ఇందులో కోపమూ లేదు, వెటకారమూ లేదు. ఓటర్ల జాబితాలో పేరుకైనా, రోడ్డు మీది ఆక్రమణకైనా, ఆఫీసులో గుమాస్తాకైనా సరిపోతుంది.

బర్తరఫ్ పారసీ నుంచి వచ్చింది. 'మా తరఫు లాయరు' అంటామే, ఆ తరఫే ఇందులోనూ ఉంది. 'బర్ తరఫ్' అంటే ఒక పక్కకు అని. అంటే పుట్టుకలో ఇదీ తొలగింపు లాంటిదే, వాడుకలోనే బరువెక్కింది. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని 'తొలగించారు' అంటే చప్పగా ఉంటుంది. 'బర్తరఫ్ చేశారు' అంటేనే దెబ్బ తెలుస్తుంది.

ఉద్వాసన సంగతి వేరు. అది పూజ గదిలోంచి వచ్చిన సంస్కృత పదం. ఆవాహన చేసిన దేవుణ్ణి పూజయ్యాక సాగనంపడం. విగ్రహాన్ని కొద్దిగా కదిపి 'యథాస్థానం ప్రతిష్ఠాపయామి' అంటారు, ఆపైన 'పునరాగమనాయ చ' అని మళ్లీ రమ్మనీ వేడుకుంటారు. మంత్రులకు ఈ మాట అందుకే అతికినట్టు సరిపోతుంది, చాలామంది మళ్లీ వస్తారు కూడా! కానీ జీతం మీద బతికే చిరుద్యోగి పొట్ట కొట్టిన వార్తకు 'ఉద్వాసన' అని హెడ్డింగ్ పెడితే వెక్కిరించినట్టుంటుంది. నాకైతే నచ్చదు.

సర్కారీ ఉద్యోగుల విషయంలో మాత్రం ఇష్టాయిష్టాలు పనికిరావు. రాజ్యాంగం 311వ అధికరణ డిస్మిస్ చేయడాన్నీ, తొలగించడాన్నీ విడివిడిగా చెబుతుంది. కేంద్ర ఉద్యోగుల 1965 నాటి క్రమశిక్షణ నిబంధనల ప్రకారం తొలగించినవాడికి మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి అడ్డు ఉండదు. డిస్మిస్ అయినవాడికి మామూలుగా ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి బర్తరఫ్‌ను డిస్మిస్‌కే అట్టిపెట్టడం మేలు. ఉత్తర్వులో ఏముందో తెలియకపోతే 'ఉద్యోగం పోయింది' అని రాసినా నష్టం లేదు.

సస్పెన్షన్‌కు మాత్రం మూడూ తప్పే. ఆ మనిషి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు.