మనుష్యకుమారుడు, దేవుని కుమారుడు

సువార్తల్లో యేసు తన గురించి ఎక్కువగా వాడుకున్న బిరుదు ‘మనుష్యకుమారుడు’. అది మానవత్వానికి, ‘దేవుని కుమారుడు’ దైవత్వానికి గుర్తని చాలామంది విడదీస్తారు. ఆ విభజన నాకు సరిపోదు. పాత నిబంధనలోని దానియేలు గ్రంథం 7వ అధ్యాయంలో మనుష్యకుమారుని పోలినవాడు మేఘాలతో వచ్చి శాశ్వత రాజ్యం అందుకుంటాడు. మార్కు 10:45లో అదే బిరుదుతో యేసు, తాను పరిచారం చేయడానికి, ప్రాణమివ్వడానికి వచ్చానంటాడు. మహిమా, దాస్యమూ ఒకే పిలుపులో ఇమిడిపోయాయి!

‘దేవుని కుమారుడు’ మొదటి మూడు సువార్తల్లో ఎక్కువగా ఇతరుల నోట వినిపిస్తుంది: అపవిత్రాత్మలు, శిష్యులు, సిలువ దగ్గరున్న రోమా సైనికాధికారి అయిన శతాధిపతి. తర్వాత, తండ్రీ కుమారులు ఏకస్వభావులని క్రీ.శ. 325లో క్రైస్తవ సంఘ పెద్దలు కూడిన నీకయ సభ ప్రకటించింది.

ప్రార్థనలో నేను ముందుగా ఆశ్రయించేది మొదటి బిరుదునే. శ్రమపడినవాడే తీర్పరి అన్న ధైర్యం అందులో ఉంది.